వెండి నాణెం చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మనకు గ్రంథాలు, శాసనాలు, కోటలు గుర్తొస్తాయి. మరి గుడారాల్లో ఉంటూ, గుర్రాలు మేపుకుంటూ తిరిగినవారి చరిత్ర ఎలా తెలుస్తుంది? ఉదాహరణకు 'గోల్డెన్ హోర్డ్' వెండి నాణేల గురించి తెలుసుకుందాం.

చెంగిజ్ ఖాన్ మనుమడు బాతూ 13వ శతాబ్దంలో వోల్గా నదీ ప్రాంతంలో స్థాపించిన మంగోల్ రాజ్యమిది. రాజధాని సరాయ్. ఆ రాజ్యంవారు తమ గురించి తాము రాసుకున్న గ్రంథాలు మనకు దాదాపు దక్కలేదు. దక్కినవి నాణేలే.

మంగోలులు గెలిచిన బల్గార్ నగర టంకసాలలో వేసిన తొలి నాణేలు కొన్నింటిపై బాగ్దాద్ ఖలీఫా నాసిర్ పేరుంది. విచిత్రమేమిటంటే ఆయన 1225లోనే, అంటే మంగోలులు ఆ నగరాన్ని గెలవకముందే మరణించాడు! కొత్త పాలకుల డబ్బు చెల్లాలంటే జనం నమ్మే పాత పేరు కావలసి వచ్చిందన్నమాట.

1266లో గద్దెనెక్కిన మెంగూ తైమూర్ తన పేరునే వేయించాడు. పక్కన 'తమ్గా' అనే వంశచిహ్నం ఉంటుంది. పశువులకు వాతలు వేసే గుర్తు లాంటిదే ఇది. 1310లో తోఖ్తా ఖాన్ నాణేలను సంస్కరించాడు. ఈ వెండి నాణెం బరువు సుమారు ఒకటిన్నర గ్రాములు. చిల్లరకు 'పూల్' అనే రాగి నాణేలుండేవి. 16 పూల్‌లు ఒక వెండి నాణేనికి సమానమని కొన్ని రాగి నాణేల మీదే రాసి ఉంది. 1313లో పాలనకు వచ్చిన ఉజ్బెక్ ఖాన్ ఇస్లాంను రాజ్యమతం చేశాడు.

ఈ నాణేలపై అరబ్బీ లిపిలో ఖాన్ పేరు, ఊరు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. వీటి విలువ 1359 తర్వాత మరింత తెలుస్తుంది. అప్పటి నుంచి 1380 వరకు అంతఃకలహాలలో ఇరవైకి పైగా ఖాన్‌లు మారారు. ఎవరు ఎప్పుడు, ఎక్కడ పాలించారో చాలావరకు నాణేలే చెబుతున్నాయి. హిజ్రీ 773 (1371-72) నాటి నాణేలపై తులున్ బేగ్ ఖానుం అనే స్త్రీ పేరుంది. ఆ గుప్పెడు వెండి మిగలకపోతే ఆమె ఉన్నట్టే మనకు తెలిసేది కాదేమో!

1395లో తైమూర్ సరాయ్‌ను ధ్వంసం చేశాడు. నగరం పోయింది, నాణెం మిగిలింది.

మిత్రులారా! మన తాతముత్తాతల గురించి ఏ పుస్తకంలోనూ లేదని మనలో చాలామందిమి చిన్నబుచ్చుకుంటాం. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ పాటలు విందాం, అటకమీది పాత పనిముట్లను చూద్దాం. రాయనివారి చరిత్ర కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది. చదవడం మనం నేర్చుకోవాలి.