మారిషస్ వెళ్లేవారికి: చూడవలసిన ఒక రేవు, వెతకవలసిన ఒక పేరు

పాతపట్నం నుంచి విశాఖపట్నం చేరి, అక్కడినుంచి ముంబయి మీదుగా విమానంలో మారిషస్ వెళ్లవచ్చు. ఒకప్పుడు ఇదే తీరం నుంచి చెరకు తోటల పనికి ఒప్పందం రాసిచ్చి వెళ్లినవారికి అది వారాల తరబడి సాగే ఓడ ప్రయాణం. వారిని ఓడ ఎక్కించిన కోరంగి రేవు పేరే ఆ ద్వీపంలో తెలుగువారికి పేరైంది. ఆ దేశం చూడదలచిన కుటుంబాల కోసం కొన్ని విషయాలు ఇక్కడ తెలియజేస్తున్నాము.

భారతీయ పర్యాటకులు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు. పాస్‌పోర్టుతోపాటు తిరుగు టికెట్టు, బస ఏర్పాటు, ఖర్చుకు తగిన సొమ్ము చూపవలసి ఉంటుంది. నియమాలు మారుతుంటాయి కనుక టికెట్టు కొనేముందు మరొకసారి సరిచూసుకోవాలి. నిత్యం మందులు వాడేవారు వైద్యుని చీటీ వెంట ఉంచుకోవాలి.

అక్కడి ఋతువులు మనకు తలకిందులు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు చల్లగా ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానుల కాలం. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనుక నడుస్తుంది.

జనాభాలో సుమారు 17 శాతం ముస్లింలు. అందువల్ల మస్జిదులకూ, హలాల్ భోజనానికీ కొరత లేదు. హోటళ్లలో మాత్రం అడిగి తెలుసుకోవడం మేలు. ఖిబ్లా విషయంలో పొరపడరాదు. మన ఊరిలో పడమరకు తిరిగి నమాజు చేస్తాము. అక్కడ ఉత్తరానికి, కొద్దిగా పడమర వైపుకు తిరగాలి.

రాజధాని పోర్ట్ లూయీలో జుమా మస్జిదును, ఆప్రవాసీ ఘాట్‌ను తప్పక చూడండి. 1834 తరువాత దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ ద్వీపానికి చేరారు. వారిలో హిందువులూ, ముస్లింలూ ఉన్నారు. వారు దిగిన రేవే ఆప్రవాసీ ఘాట్. యునెస్కో 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వలస వెళ్లినవారి రిజిస్టర్లు మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మీ వంశంలో ఎవరైనా ‘సముద్రం దాటి తిరిగి రాలేదు’ అన్న మాట ఇంట్లో వినిపిస్తూ ఉంటే, బయలుదేరే ముందే పెద్దలను అడిగి ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకోండి. జిల్లా పేరు శ్రీకాకుళం అని వెతికితే దొరకదు. 1936కు ముందు పాతపట్నం గంజాం జిల్లాలో ఉండేది. ఆ పేరుతో వెతకాలి.

పేరు దొరికితే దాని నకలు ఇంటికి తెచ్చి ఆ పెద్దలకు చదివి వినిపించండి. వారు ఇన్నాళ్లూ ఎదురుచూసిన కబురు అదే కావచ్చు.