అన్నమే పడే పేగు

మా వైపు ఎవరికైనా షుగర్ వచ్చిందంటే మొదట వినపడే సలహా ‘రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినండి’ అనే. ఏలూరు, తాడేపల్లిగూడెంలలో చాలా ఇళ్ళలోకి చపాతీ ఆ దారినే వచ్చింది. సీలియాక్ జబ్బున్న మనిషి దగ్గర ఆ సలహా తిరగబడుతుంది. అన్నం తినొచ్చు, చపాతీ ముక్క కూడా కూడదు.

గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. కొందరి ఒంట్లో రక్షణ కణాలు దాన్ని చూసి రెచ్చిపోయి, సొంత చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తాయి. తిండిసారాన్ని పీల్చుకునే చూషకాలు కోతకోసిన వరిచేనులా చదునైపోతాయి. విరేచనాలు, రక్తం తగ్గడం, పిల్లలైతే ఎదగకపోవడం.

వరి తినేవాళ్ళం, మనకెందుకొస్తుందిలే అనుకోవడం పూర్తిగా తప్పేమీ కాదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ జబ్బు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, దక్షిణాదిన వేలూరు వైపు 0.10 మందిలో కనిపించింది. దానికి వీలిచ్చే జన్యువులు మాత్రం రెండుచోట్లా ఇంచుమించు సమానమే. అక్కడ రోజుకి 455 గ్రాముల గోధుమ తింటే, ఇక్కడ 25. తేడా చాలావరకు కంచంలో ఉంది. ఆ కంచమేమో మారుతోంది.

ఇక ఈ జబ్బు వెంట అరుదుగా వచ్చే లింఫోమా అనే కేన్సర్ సంగతి. పేగు పొరలో కాపలా ఉండే టీ కణాలు ఏళ్ళ తరబడి పోరాడి పోరాడి, ఏ కొద్దిమందిలోనో అదుపు తప్పి పెరిగిపోతాయి. అదే పేగు కేన్సర్‌గా మారుతుంది. ఎక్కువగా యాభై, అరవై ఏళ్ళ వయసులో వస్తుంది. అరుదే, కానీ వస్తే మొండిది. గ్లూటెన్ లేని పథ్యం గట్టిగా పాటిస్తే ఆ ముప్పు తగ్గుతుంది.

పథ్యంతో బాగుపడ్డ మనిషికి మళ్ళీ కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం మొదలైతే ముందు వంటింటినే అనుమానించాలి. ఉప్మాలోకి వాడే బొంబాయి రవ్వ గోధుమదే. సేమ్యా, కాజా సరే, పొడి ఇంగువలోనూ చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుస్తుంది. నీరసంగా ఉన్నారని ఇచ్చే హార్లిక్స్, వేడి చేసిందని తాగించే బార్లీ నీళ్ళు ఈ రోగికి ప్రేమతో పెట్టే విషం. ఇంట్లో చేసిన కొల్లేటి కొర్రమీను పులుసుకి భయం లేదు. హోటల్లో మైదా పట్టించిన రొయ్యల వేపుడుకే ఉంది.

పథ్యంలో లోపం లేకపోయినా నలత తగ్గకపోతే ఎండోస్కోపీ చేసి పేగు పొర ముక్క తీసి చూడాలి. దారితప్పిన టీ కణాలు అప్పటికే పొరలో కనబడితే, అలాంటివాళ్ళలో మూడోవంతు నుంచి సగంమంది దాకా అయిదారేళ్ళలో లింఫోమా రావచ్చు. కొందరిలో పేగు మూసుకుపోయో, చిల్లుపడో ఆపరేషన్ బల్ల మీదే బయటపడుతుంది. మన దేశంలో ఇవే లక్షణాలకి పేగు క్షయ కూడా కారణమవుతుంది కనుక, వీలైనంతవరకు ముక్క పరీక్ష లేకుండా ఒక పేరు పెట్టేయకూడదు.

రిపోర్టులో పేగు టీ కణ లింఫోమా అని ఉన్నంత మాత్రాన సీలియాక్ ఉన్నట్టూ కాదు. గ్లూటెన్‌తో సంబంధం లేని మరో రకం ఉంది. ఆసియావాళ్ళలో ఎక్కువగా కనబడేది అదే. 2016 దాకా రెంటినీ ఒకే పేరు కింద రాసేవారు, తర్వాత విడదీశారు.

ఇదంతా చదివి రేపటినుంచే గోధుమ మానేయకండి. మానేశాక చేస్తే సీలియాక్‌ని పట్టే టీటీజీ రక్తపరీక్ష మామూలుగానే రావచ్చు, పేగు పొర కూడా కొంత కోలుకుని ఉండొచ్చు. అనుమానం ఉంటే చపాతీ తింటూనే పరీక్షకి వెళ్ళాలి.