ఒలిచివేసే రబ్బరు పూత: డబ్బా ధర కాదు, పొర మందం చూడాలి

రబ్బరు పేరు వినగానే మన వర్తకుల చూపు కొట్టాయం ధరల మీదికి పోతుంది. అయితే మోటారు కార్ల లోపలి పలకలకు కొత్త రూపు తెచ్చే రబ్బరు పూతకు ఆ ధరలతో నేరుగా సంబంధం లేదు. పేరు ఒకటే గాని సరుకు వేరు. ఈ తేడా గమనించక సరుకు పట్టినవారికి అటు కొనుగోలులోను, ఇటు వాపసు వచ్చే మాలులోను నష్టం తప్పదు.

సరుకు వివరం

ఈ రకంలో బాగా పేరుపడినది అమెరికాలోని మినెసోటా రాష్ట్రానికి చెందిన ప్లాస్టి డిప్. పనిముట్ల పిడులను ముంచి పట్టు తెప్పించే ద్రవంగా ఇది మొదట వాడుకలోకి వచ్చింది. స్ప్రే డబ్బాలు వచ్చిన తరువాత కారు చక్రాలకు, బాడీకి, లోపలి పలకలకు కూడా వాడకం పెరిగింది. గీతలు పడిన డాష్‌బోర్డు పట్టీలు, గేరు చుట్టూ ఉండే పలక, తలుపు లోపలి అంచులు ఈ పూతతో కొత్తవాటిలా కనిపిస్తాయి. వద్దనుకున్నప్పుడు అంచు పట్టి లాగితే పొర తొక్కలా ఊడివస్తుంది. కింద ఉన్న కంపెనీ రంగు చెడదు. పాత కార్ల వ్యాపారులను ఆకర్షించే గుణం ఇదే.

ధర దేనిని బట్టి?

కొట్టాయంలో పలికే ఆర్.ఎస్.ఎస్.-4 చెట్టు పాల నుంచి వచ్చే సహజ రబ్బరు. వానలు, పాల గీత దాని ధరను కదిలిస్తాయి. ఈ పూతలో ఉండేది కృత్రిమ రబ్బరు. దానిని నాఫ్తా, టోలిన్ వంటి ద్రావకాలలో కరిగిస్తారు. రబ్బరుకు, ద్రావకానికి కూడా మూలం ముడి చమురే. కనుక ఈ సరుకు పట్టేవారు చూడవలసినవి చమురు ధర, దిగుమతి మాలు అయితే డాలరు మారకం రేటు.

మందమే ప్రాణం

మామూలు రంగు పలకను గట్టిగా కరచుకుంటుంది. ఈ పూత తేలికగా అంటుకుని ఉంటుంది. ఊడదీసేటప్పుడు చిరగకుండా ఉండాలంటే పొరకు తగిన మందం ఉండాలి. ఒకటి రెండు పూతలతో సరిపెడితే పొర ముక్కలు ముక్కలుగా వస్తుంది. గోటితో గీకవలసి వస్తుంది. నాలుగైదు పూతలు పడితేనే ఒకే తొక్కగా లేస్తుంది. పూతకు పూతకు మధ్య అరగంట, చివర 4 గంటలు ఆరనివ్వాలి.

డబ్బా మీద 311 గ్రాములు అని ఉన్నా అందులో ఎక్కువ భాగం ఎగిరిపోయే ద్రావకం, వాయువు. పలక మీద నిలిచే రబ్బరు కొద్దిపాటి మాత్రమే. ఉదాహరణకు 300 రూపాయల డబ్బాలో 60 గ్రాములు, 200 రూపాయల డబ్బాలో 30 గ్రాములు మిగులుతాయనుకుందాం. మొదటి దానిలో గ్రాము 5 రూపాయలు, రెండవ దానిలో 6 రూపాయల 67 పైసలు పడుతుంది. చవక సరుకే ప్రియమైనది! తూచిన రేకు పళ్లెంలో కొద్దిగా కొట్టి, డబ్బా బరువు ఎంత తగ్గిందో చూసుకుని, పూర్తిగా ఆరిన తరువాత పళ్లెం మళ్లీ తూస్తే అసలు రబ్బరు పాలు తెలిసిపోతుంది.

చెల్లని చోట్లు

తోలు, గుడ్డ, గరుకు ప్లాస్టిక్ మీద పూత రంధ్రాలలోకి దిగుతుంది, శుభ్రంగా ఊడిరాదు. పాలిష్ జిడ్డు కడగని పలక మీద నిలవదు. చేయి తరచుగా తగిలే మీటలు, పిడుల దగ్గర అంచులు త్వరగా లేస్తాయి. ఎయిర్‌బ్యాగ్ మూతల మీద అసలు వేయరాదు. ఇది టైరులా గంధకంతో ఉడికించిన రబ్బరు కాదు, కేవలం ఆరిన పొర. పెట్రోలు తగిలితే మెత్తబడుతుంది. పలుచని పొరను థిన్నరుతో తుడిస్తే కింది ప్లాస్టిక్ కూడా కరిగే ప్రమాదం ఉన్నది.

గోదాము జాగ్రత్త

టోలిన్ ఆవిరి 4 డిగ్రీల సెల్సియస్ వద్దనే నిప్పు తగిలితే అంటుకోగలదు. స్ప్రే డబ్బాలు 50 డిగ్రీలు మించిన వేడిలో పగిలే అవకాశం ఉంది. మన ఎండాకాలంలో రేకుల షెడ్డు వీటికి తగదు. టిన్నులలో ఎక్కువ మాలు నిలవ చేయదలచినవారు లైసెన్సు నిబంధనలు ముందే విచారించుకోవాలి. బీమా కంపెనీకి సరుకు స్వభావం తెలపాలి. పని చేసేవారు పలకలను విప్పి గాలి ఆడే చోట పూయాలి గాని కారు లోపల కూర్చుని పూయరాదు.

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ మాలు నిలవ చేయదలచిన వర్తకులు మొదట ఒకటి రెండు డబ్బాలే తెప్పించుకోవడం మేలు. తూకం చూసి, పాత పలక మీద పూసి, వారం తరువాత ఒలిచి చూడాలి. తొక్క ఒకే ముక్కగా వస్తే ఆర్డరు ఇవ్వవచ్చు. చిరిగితే, ఎంత చవకకు ఇచ్చినా ఆ సరుకు తిరిగి కొట్టుకే చేరుతుంది.