రిపేరు షాపులో గుండు బల్బు

ఇళ్ళన్నీ ఎల్ఈడీ దీపాలకు మారినా, కరెంటు సామాన్లు బాగుచేసే షాపుల్లో పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అది వెలుతురు కోసం కాదు, పరీక్ష కోసం. ఆ బల్బునూ ఒక సాకెట్టునూ ఒకే దారిలో కలిపి బిగించిన బోర్డును సీరీస్ బోర్డు అంటారు. పాఠంలో చదివే శ్రేణి సంధానం ఇదే.

రిపేరుకొచ్చిన ఇస్త్రీపెట్టెను ఆ సాకెట్టుకు తగిలిస్తే, కరెంటు బల్బులోంచీ పెట్టెలోంచీ వరసగా పోవాల్సిందే. వేరే దారి లేదు. బల్బు వెలగలేదంటే పెట్టెలో వైరో, కాయిలో, థర్మోస్టాటో ఎక్కడో దారి తెగిందన్నమాట.

వెలిగితే వలయం పూర్తయినట్టే. అప్పుడు 230 వోల్టులను బల్బూ పెట్టే తమ నిరోధాలను బట్టి పంచుకుంటాయి. వేడెక్కిన బల్బు నిరోధం 230×230÷100, అంటే 529 ఓములు. 750 వాట్ల పెట్టెది సుమారు 70. ఓమ్ నియమం ప్రకారం ప్రవహించే కరెంటు 230ని 599తో భాగిస్తే వచ్చే 0.38 ఆంపియర్లు. బల్బుకు దాదాపు 203 వోల్టులు దక్కితే, పెట్టెకు మిగిలేది 27. అందుకే బల్బు బాగా వెలుగుతుంది, పెట్టె మాత్రం సరిగా వేడెక్కదు.

పెట్టెలో వైర్లు ఒకదానికొకటి తగిలి షార్టయితే? గోడ సాకెట్టులో నేరుగా పెడితే, దారి మొత్తం నిరోధం అర ఓమే అనుకున్నా, 460 ఆంపియర్లు దూసుకొస్తాయి. సీరీస్ బోర్డులో బల్బు అడ్డుంటుంది కనుక 0.43 ఆంపియర్లు దాటదు. బల్బు నిండుగా వెలుగుతుంది, అంతే. ఇస్త్రీపెట్టెలాంటి పెద్ద లోడుకూ షార్టుకూ వెలుగులో తేడా స్వల్పం. అక్కడ మల్టీమీటరుతో కొలిచి చూడాల్సిందే. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. దాని లోపలి డ్రైవరు సర్క్యూట్ మామూలు నిరోధంలా నడుచుకోదు.

ఇంటి వైరింగులో ఫ్యాన్లూ లైట్లూ సమాంతర సంధానంలో ఉంటాయి. ప్రతిదానికీ పూర్తి 230 వోల్టులు అందుతాయి, ఒకటి ఆపినా మరొకటి ఆగదు. కానీ కరెంట్లన్నీ కూడుతాయి. 2000 వాట్ల గీజరు 8.7, ఇస్త్రీపెట్టె 3.3, రెండూ కలిసి మెయిన్ లైనులో 12 ఆంపియర్లు. ఆ మొత్తాన్ని కాపలా కాసే ఫ్యూజును మాత్రం లైనుతో శ్రేణిలోనే పెడతారు. అది తెగితే అన్నీ ఆగాలి కదా!

ఇంటి కరెంటుతో ఈ ప్రయోగాలు చేయకండి. రెండు 1.5 వోల్టుల సెల్లులు, రెండు టార్చి బల్బులు చాలు. బల్బులను శ్రేణిలో ఒకసారి, సమాంతరంగా ఒకసారి కలిపి, ఒక బల్బును విప్పి చూడండి. ఏమవుతుందో ముందే రాసిపెట్టుకుని, తర్వాత సరిచూసుకోండి.