మెడికల్ బయోటెక్నాలజీ అంటే డాక్టరు చదువేనా?

బెళ్ళందూరులో మేముండే అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకరోజు పక్కింటి ఆంటీ, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు. "బీఎస్సీ ఆంటీ, మెడికల్ బయోటెక్నాలజీ" అన్నాను. ఆవిడకి 'మెడికల్' అన్న మాట ఒక్కటే వినపడినట్టుంది. సాయంత్రానికల్లా అంకుల్ షుగర్ రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చేశారు. "ఇన్సులిన్ డోసు కొంచెం తగ్గించవచ్చంటావా?" అన్నారు.

రిపోర్టులో మాటలన్నీ నాకు తెలిసినవే. హెచ్‌బీఏ1సీ అంటే ఏమిటో ముందు వారమే బయోకెమిస్ట్రీ క్లాసులో చెప్పారు. వంటింటి గుమ్మం దగ్గర అమ్మ గర్వంగా చూస్తోంది. ఏదో ఒకటి చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ డోసు తగ్గితే షుగర్ పెరుగుతుంది. ఎక్కువైతే షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. "ఈ మాట చెప్పే అర్హత నాకు లేదు ఆంటీ, డాక్టరుగారినే అడగండి" అన్నాను.

ఆవిడ వెళ్ళాక అమ్మ, "మరి నువ్వు చదివేదేంటే?" అంది. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మన తెలుగు క్లాసులోనూ చాలామంది ఇదే అడుగుతుంటారు. అందుకే ఈ వ్యాసం.

ముందు, ఈ చదువు ఏది కాదో చెప్తాను. ఇది డాక్టరు డిగ్రీ కాదు. ఇది చదివినవాళ్ళు రోగికి మందు రాయకూడదు, డోసు మార్చకూడదు. నీట్‌లో సీటు రాలేదు కాబట్టి దీంట్లో చేరితే వెనకదారిన డాక్టరు కావచ్చు అనుకుంటే పొరపాటే. చేరాక ఆ సంగతి తెలిసి బాధపడేకన్నా ముందే తెలుసుకోవడం మంచిది.

మరి ఇది ఏమిటి? డాక్టరు రోగిని చూస్తారు. ఆ రోగికి ఇచ్చే కొన్ని మందులు, టీకాలు, పరీక్ష కిట్లు జీవకణాల సాయంతో ఎలా తయారవుతాయో మేం చదువుతాం. మనవాళ్ళ ఉదాహరణే ఒకటి చూద్దాం.

హెపటైటిస్-బి కాలేయాన్ని పాడుచేసే వైరస్. 1990ల మొదట్లో దాని టీకా మనకి విదేశాల నుంచే వచ్చేది. సామాన్యులు కొనగలిగే ధర కాదు. నెల్లూరు జిల్లాకి చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డిగారు 1993లో హైదరాబాదులో తన తల్లి పేరుమీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు! 1997లో 'శాన్‌వాక్-బి' బయటికొచ్చింది. జన్యువుని మార్చే పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అదే. మన డిపార్ట్‌మెంటువాళ్ళకి నచ్చే సంగతి ఇంకొకటి: హాస్యానికీ సంగీతానికీ 'హాసం' అనే తెలుగు పత్రికని నడిపింది కూడా ఆయనే.

ఆ చిన్న టీకా సీసాలో మా సిలబస్ మొత్తం ఉంది. చూడండి.

వైరస్ మొత్తం అక్కర్లేదు. దాని పైపొరలోని ఒక్క ప్రోటీన్‌ని తయారుచేయించే జన్యువు చాలు. దాన్ని గుర్తుపట్టి వేరు చెయ్యడం జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ పని.

ఆ జన్యువుని పిచియా అనే ఈస్ట్ కణంలో పెడతారు. ఈస్ట్ తన సొంత ప్రోటీన్లతోపాటు దీన్నీ తయారుచేస్తుంది. దీన్నే రీకాంబినెంట్ డీఎన్ఏ టెక్నాలజీ అంటారు.

తర్వాత ఈస్ట్‌ని ఫెర్మెంటర్ అనే పెద్ద పాత్రలో పెంచాలి. డిసెంబరు చలికి బెంగళూరులో దోశపిండి పొంగదు గదా! ఇక్కడా అంతే. వేడి, గాలి, పులుపు సరిగ్గా ఉండాలి. ఇది మైక్రోబయాలజీ, బయోప్రాసెస్.

ఆ కణాల్ని పగలగొట్టి, వేలకొద్దీ ప్రోటీన్లలోంచి మనకి కావలసిన ఒక్కదాన్ని శుభ్రంగా వేరుచెయ్యడం బయోకెమిస్ట్రీ. అది ఒంట్లోకి వెళ్ళాక ప్రతిరక్షకాలు ఎలా పుడతాయో చెప్పేది ఇమ్యునాలజీ. అసలు వైరస్ లేదు కాబట్టి టీకా వల్ల ఆ జబ్బు రాదు. చివరికి మనుషులమీద ఎలా పరీక్షించాలి, వాళ్ళ అనుమతి ఎలా తీసుకోవాలి, లెక్కలు ఎలా తేల్చాలి అన్నవి క్లినికల్ ట్రయల్స్, ఎథిక్స్, స్టాటిస్టిక్స్ పేపర్లు.

వినడానికి బాగానే ఉంటుంది. చెయ్యడానికి ఓపిక కావాలి. మిల్లీలీటరులో వెయ్యో వంతు కొలవడం నేర్చుకోడానికే నాకు కొన్ని వారాలు పట్టింది. మొదటి సెమిస్టరులో నా ప్లేట్లలో బ్యాక్టీరియాకి బదులు బూజు పెరిగింది. మళ్ళీ మొదటినుంచీ చేశాను. ఫ్యాక్టరీలో అదే తప్పు జరిగితే ఒక బ్యాచ్ మందంతా పారెయ్యాల్సిందే.

చేరాలనుకునే చెల్లెళ్ళకి రెండు మాటలు. డిగ్రీ ఒక్కదానితో క్వాలిటీ కంట్రోల్, ఉత్పత్తి విభాగాల్లో చిన్న ఉద్యోగాలతో మొదలవ్వచ్చు. పరిశోధన చెయ్యాలంటే ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ కావాలి. ఎమ్మెస్సీకి జామ్, గాట్-బి, సీయూఈటీ పీజీ లాంటి పరీక్షలు ఉన్నాయి. అంటే ఇంట్లోవాళ్ళు ఇంకొన్నేళ్ళు ఆగాలి. ఫీజు కట్టేముందు ఆ సంగతి వాళ్ళతో కూచుని మాట్లాడండి. కాలేజీలో వారానికి ఎన్ని గంటలు ల్యాబ్ ఉంటుందో, ప్రయోగం మీ చేత్తో చేయిస్తారో, చూపించి ఊరుకుంటారో కూడా కనుక్కోండి.

మళ్ళీ ఆంటీ దగ్గరికి వద్దాం. ఒకప్పుడు ఇన్సులిన్‌ని పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవారు. ఈ కొత్త పద్ధతిలో తయారైన మానవ ఇన్సులిన్‌కి 1982లో అమెరికాలో మొదటిసారి అనుమతి వచ్చింది. మన బెంగళూరులోనే, బీరు తయారీ చదువుకున్న కిరణ్ మజుందార్ షా 1978లో బయోకాన్ మొదలుపెట్టారు. ఆ కంపెనీ 2004లో ఇన్సులిన్ తెచ్చింది. దాన్ని తయారుచేసింది ఏదనుకున్నారు? ఆ పిచియా ఈస్టే!

మొన్న ఆంటీ కనిపిస్తే ఇదంతా చెప్పాను. "ఎంత వెయ్యాలో డాక్టరుగారు చెప్తారు ఆంటీ. ఆ సీసాలో ఉన్నది ఎలా తయారవుతుందో, స్వచ్ఛంగా ఉందో లేదో చూసేది మా చదువు" అన్నాను. పక్కనే ఉన్న అమ్మ, "ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు గదా" అంది.

ఆ రోజు నాకూ తెలీదమ్మా.