బడ్జెట్ పద్దులో విశ్వవిద్యాలయం: మీకు తెలుసా?

బడ్జెట్ రోజున టీవీ తెర కింద "విశ్వవిద్యాలయాలకు ఇన్ని కోట్లు" అని ఒక వార్త పరుగెత్తి వెళ్లిపోతుంది. మర్నాటికి దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. లక్షల రూపాయల ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకు పీజీ, పీహెచ్‌డీ దాకా దారి చూపించేది ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. ఆ విశ్వవిద్యాలయం నడిచేది శాసనసభ చేసిన చట్టం మీద, సభ ఆమోదించిన పద్దు మీద. ఆ రెండింటి చుట్టూ మన దగ్గర జరిగిన, జరుగుతున్న కొన్ని సంగతులు ఇవి.

ఒక్క మనిషిని దించడానికి చట్టాన్నే సవరించారని మీకు తెలుసా?

1964లో డి.ఎస్. రెడ్డిని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఐదేళ్ల కాలానికి వైస్ చాన్సలర్‌గా నియమించారు. ఆ తర్వాత కొద్ది కాలానికే ఉస్మానియా చట్టాన్ని సవరించాలని ప్రభుత్వం తలపెట్టింది. బోధనా మాధ్యమం లాంటి పెద్ద విధాన విషయాల్లో ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి ఆదేశాలు ఇవ్వవచ్చని కొత్తగా చేర్చింది. విశ్వవిద్యాలయం స్వయంప్రతిపత్తి పోతుందని వైస్ చాన్సలర్ అభ్యంతరం చెప్పారు. అయినా 1966లో సవరణ చట్టమైంది. వైస్ చాన్సలర్ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది.

అదే ఏడాది ఇంకో సవరణ వచ్చింది. అందులోని 13-ఎ సెక్షన్ ప్రకారం, పదవిలో ఉన్న వైస్ చాన్సలర్ 90 రోజుల్లోగా జరిగే కొత్త నియామకంతో దిగిపోవాలి. కారణం చెప్పనక్కర్లేదు, విచారణ అక్కర్లేదు. ఆ తర్వాత వచ్చే వైస్ చాన్సలర్లను తొలగించాలంటే మాత్రం హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న లేదా పనిచేసిన వ్యక్తితో విచారణ జరిపించాలి. అంటే 13-ఎ వర్తించే మనిషి రాష్ట్రం మొత్తంలో డి.ఎస్. రెడ్డి ఒక్కరే. కోర్టుకెక్కితే, హైకోర్టులో ఆయన ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1967లో ఆ సెక్షన్ సమానత్వ హక్కుకు, అంటే 14వ అధికరణకు, విరుద్ధమని కొట్టేసింది. విశ్వవిద్యాలయాల స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లు ఎప్పటికీ మరిచిపోకూడని తీర్పు ఇది. చట్టం అందరికీ వర్తించే నియమంలా రాసి ఉన్నంత మాత్రాన అందరి కోసమే చేసినట్టు కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పిన కేసు మన గడ్డ మీద ఇంకోటి నాకు కనిపించలేదు.

ఏప్రిల్ 26 రెండు విశ్వవిద్యాలయాలకూ పండుగ రోజేనని మీకు తెలుసా?

ఉస్మానియాకు మూలమైన నిజాం ఫర్మానా తేదీ 1917 ఏప్రిల్ 26. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైంది 1926 ఏప్రిల్ 26న. ఒకటి రాజాజ్ఞతో వచ్చింది, రెండోది మద్రాసు శాసనమండలి చేసిన చట్టంతో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. ఆ ఏడాదే, బ్రిటిష్ ప్రభుత్వ దమననీతికి నిరసనగా మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి రాజీనామా చేశారు. ఆరేళ్ల తర్వాత మళ్లీ అదే కుర్చీలోకి వచ్చారు.

తొలినాళ్లలో ఆ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టింది సర్కారు సొమ్ము ఒక్కటే కాదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల శాశ్వత విరాళం ఇచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరు అందుకే వచ్చింది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైనప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం అండగా నిలబడింది. రాయలసీమకు ఒక విశ్వవిద్యాలయ కేంద్రం కావాలని 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. ఆ కాగితంలో రాసిన ఊరు మాత్రం అనంతపురం. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం దక్కింది 1981లో.

రాజ్యాంగంలో చోటు దొరికిన విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఉందని మీకు తెలుసా?

1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం కుదిరింది. దాన్ని అమలుచేయడానికి 1973లో రాజ్యాంగానికి 32వ సవరణ చేసి 371-ఇ అధికరణను చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశ్వవిద్యాలయం పెట్టడానికి పార్లమెంటు చట్టం చేయవచ్చని అది చెబుతుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం చట్టం 1974లో అలా వచ్చింది.

పక్కనే ఉన్న 371-డి మన ఇళ్లలో అందరికీ తెలుసు, పేరు తెలియకపోయినా సరే. ఎంసెట్ దరఖాస్తులో ఏయూ, ఓయూ, ఎస్వీయూ అని ఏ ప్రాంతమో నింపమనేవారు గుర్తుందా? 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వే 85 శాతం సీట్లు స్థానికులకు ఉంచింది. జిల్లాలను విశ్వవిద్యాలయాల పరిధులుగా కలిపి "లోకల్" అనే మాటకు హద్దులు గీశారు.

బడ్జెట్ పుస్తకంలో మీ విశ్వవిద్యాలయం ఏ నంబరు కింద ఉంటుందో తెలుసా?

ఇది కొంచెం దగ్గరగా చూడాలి. రాష్ట్రాల బడ్జెట్లో సాధారణ విద్య పద్దు 2202. దాని లోపల 03 అంటే విశ్వవిద్యాలయ, ఉన్నత విద్య. ఇంకా లోపలికి వెళ్తే 102, విశ్వవిద్యాలయాలకు సాయం. వ్యవసాయ విశ్వవిద్యాలయం కోసం ఇక్కడ వెతికితే దొరకదు, అది వ్యవసాయ పరిశోధన, విద్య పద్దు 2415 కింద ఉంటుంది. ప్రతి విశ్వవిద్యాలయం పేరు ఎదురుగా సాధారణంగా రెండు వరుసలు కనిపిస్తాయి. 311 అంటే జీతాల కోసం ఇచ్చే గ్రాంటు, 312 అంటే ఇతర గ్రాంటు.

నా దృష్టిలో విద్యార్థి గమనించాల్సింది ఆ రెండో వరుస. ల్యాబ్‌లో రసాయనాలు, లైబ్రరీలో పత్రికలు, హాస్టల్ పైకప్పు మరమ్మతు లాంటివాటికి జీతాలు పోను మిగిలేదే దిక్కు. అది చిక్కిపోయినప్పుడు విశ్వవిద్యాలయం సొంత ఆదాయం మీద పడుతుంది. అంటే పరీక్ష ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, దూరవిద్య. సభలో తగ్గిన గ్రాంటు చివరికి పేద విద్యార్థి చేతిలో చలానా రూపంలో తేలుతుంది. ఇది చూసి బాధపడకుండా ఎలా ఉండగలం?

కేటాయింపు వేరు, విడుదల వేరు అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. సభ ఆమోదించిన మొత్తం ఆటోమేటిగ్గా విశ్వవిద్యాలయం ఖాతాలో పడదు. విడతల వారీగా ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వులు ఇవ్వాలి, బిల్లు ఖజానా దాటాలి. మార్చి 31లోగా ఖర్చుకాని కేటాయింపు మురిగిపోతుంది.

జీతాల సవరణలో కేంద్రం వాటా కొన్నాళ్లకే పరిమితమని మీకు తెలుసా?

విశ్వవిద్యాలయ అధ్యాపకుల యూజీసీ వేతన స్కేళ్లు కేంద్రం ప్రకటిస్తుంది, మోయాల్సింది మాత్రం రాష్ట్రం. ఆరో వేతన సవరణప్పుడు అదనపు భారంలో 80 శాతం కేంద్రం ఇచ్చింది, 2010 మార్చి వరకు. ఏడో సవరణకు అది 50 శాతానికి తగ్గింది, 2019 మార్చి వరకే. రాష్ట్రాలు కొత్త పోస్టులకు వెనకాడడానికి ఇదీ ఒక కారణం. ఖాళీ అయిన ప్రొఫెసర్ కుర్చీ నింపకుండా గంటల లెక్కన డబ్బులిచ్చే పార్ట్‌టైమ్ అధ్యాపకులతో ఏళ్లకేళ్లు నడిపించేస్తారు. అలా చదువు చెబుతూనే వయసు మీరిపోయినవాళ్లు మన క్యాంపస్‌లన్నిటా ఉన్నారు. వాళ్లకు జరుగుతున్నది అన్యాయం.

సభ ఆమోదించిన బిల్లు రాజ్‌భవన్‌లో ఆగిపోతే?

విశ్వవిద్యాలయాల ఖాళీలను ఒకే బోర్డు ద్వారా భర్తీ చేయాలని 2022 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ బిల్లు ఆమోదించింది. అది యూజీసీ నిబంధనలకు తగినట్టు ఉందా అని అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ సందేహాలు లేవనెత్తారు. పెండింగ్ బిల్లుల మీద 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరికి ఈ బిల్లు రాష్ట్రపతి పరిశీలనకు చేరింది. ఈలోగా పదవీ విరమణలు ఆగుతాయా? 2025 జనవరిలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయసును 60 నుంచి 65కి పెంచాల్సి వచ్చింది.

తమిళనాడులో ఇంకా పెద్ద మలుపు. గవర్నర్ దగ్గర నిలిచిపోయిన పది బిల్లులకు, అందులో ఎక్కువ విశ్వవిద్యాలయాలవే, ఆమోదం లభించినట్టే భావించాలని 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గవర్నర్ సంతకం లేకుండానే అవి చట్టాలయ్యాయి. అదే ఏడాది నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గవర్నర్లకు కోర్టులు గడువు పెట్టలేవని, ఆమోదం లభించినట్టు భావించడం కుదరదని అభిప్రాయపడింది.

మన దగ్గర చాన్సలర్ అంటే గవర్నరే అనుకుంటాం. కానీ 2008లో ఆర్జీయూకేటీని, అంటే ట్రిపుల్ ఐటీలను, పెట్టినప్పుడు మొదటి చాన్సలర్‌గా వచ్చింది ట్యూరింగ్ అవార్డు పొందిన ఆచార్య రాజ్ రెడ్డి.

పేరు మార్చాలన్నా చట్టమే కావాలి

విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉన్న ఎన్టీఆర్ పేరును 2022లో వైఎస్సార్ పేరుగా మార్చారు, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరు పెట్టారు. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి 2025 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ తెలంగాణ సభ చట్టం చేసింది. పేర్ల మీద సభలో నడిచినంత వాదోపవాదం 312 వరుస మీద కూడా నడిస్తే బాగుండునని నా కోరిక.

వంద రూపాయల కోత గురించి విన్నారా?

పద్దు మీద చర్చలో ఏ సభ్యుడైనా కోత తీర్మానం ఇవ్వవచ్చు. "ఈ పద్దులో వంద రూపాయలు తగ్గించాలి" అని అడగడం ఒక పద్ధతి. డబ్బు మిగిల్చడానికి కాదది, మీ ఊరి విశ్వవిద్యాలయంలో హాస్టల్ ఎందుకు కట్టలేదో మంత్రితో చెప్పించడానికి. చివరి రోజుకి చర్చకు రాని పద్దులన్నీ గిలెటిన్ కింద ఒక్కసారిగా ఆమోదం పొందుతాయి. ఆ లోపే అడగాలి.

అడగడానికి ముందు పుస్తకం తెరవండి, ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటుంది. ప్రతి వరుసలో నాలుగు గడులుంటాయి. గత ఏటి అసలు లెక్క, ఈ ఏటి అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. రెండేళ్ల కిందటి పుస్తకంలో రాసిన అంచనాను, ఇప్పటి పుస్తకంలోని అసలు లెక్కను పక్కపక్కన పెట్టి, మీ విశ్వవిద్యాలయానికి ఎంత ప్రకటించారో, ఎంత అందిందో కాగితం మీద రాసుకోండి. దాన్ని సమావేశాలు మొదలవక ముందే మీ ఎమ్మెల్యే చేతికి ఇవ్వండి.