మక్కరవ్వ ఉప్మా మళ్లీ పొయ్యెక్కింది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇప్పుడు పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జోరుగా జరుగుతున్నాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు, హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లు, ఊళ్లోనే మగ్గం నడిపేవాళ్లు, వ్యవసాయం చేసుకునేవాళ్లు ఒక్కచోట చేరతారు. మాటలు సార్ల బెత్తం దెబ్బలతో మొదలై తిండి దగ్గరికి వచ్చి ఆగుతాయి. అరవై దాటినవాళ్ల బ్యాచ్ అయితే బగారా అన్నం, కోడికూర వడ్డిస్తున్నా వాళ్లు తలుచుకునేది పచ్చటి ఉప్మానే.

అది బొంబాయిరవ్వ ఉప్మా కాదు. పసుపు కలిపినట్టు ఉండేది, మెత్తగా, కొంచెం ఉండకట్టి, ఎప్పుడూ తెలియని ఒక నూనె వాసనతో. బడి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద గుండిగలో ఉడికేది. పళ్లెం తెచ్చుకోని పిల్లలు మోదుగాకు తెంపుకొచ్చేవాళ్లు. దాంతోపాటు పాలపిండి. నీళ్లలో కలిపి ఇస్తే తాగేవాళ్లు. పొడిగా అరచేతిలో పోస్తే నాలుకతో అద్దుకునేవాళ్లు. అది అంగిట్లో అతుక్కుపోతే వేలు పెట్టి గీక్కోవాల్సిందే.

ఈ ఉప్మా సముద్రాలు దాటి వచ్చింది. 1954లో అమెరికా చేసిన పీఎల్-480 చట్టం ఆ దేశంలో మిగిలిపోయిన ధాన్యాన్ని ఇతర దేశాలకు పంపే దారి తెరిచింది. 1950లోనే మన దేశంలో పని మొదలుపెట్టిన కేర్ అనే సహాయ సంస్థ ఆ ఆహారాన్ని బడులకు చేర్చింది. మొదట్లో పాలపొడి, ఉడికించి ఆరబెట్టి విరిచిన బల్గర్ గోధుమ వచ్చేవి. 1960ల నడుమ నుంచి మక్క, సోయా, పాలు కలిపిన పిండి వచ్చింది. అందులో మూడింట రెండు వంతులకు దగ్గరగా మక్కపిండి, నాలుగో వంతు సోయాపిండి, కొంచెం పాలపొడి, పైన విటమిన్లు, ఖనిజాలు. ఉప్మా పచ్చదనం మక్కది, ఆ తెలియని వాసన సోయాది. డబ్బాల మీద కలిసిన రెండు చేతుల బొమ్మ ఉండేది. చదవడం రాని తల్లులకు కూడా ఆ బొమ్మ గుర్తే.

విచిత్రమేమంటే ఈ ప్రాంతానికి మక్క కొత్తది కాదు. జగిత్యాల వైపు చేన్లలో అది ఏళ్లుగా పండుతున్నదే. మక్కగట్క, జొన్నగట్క ఇళ్లలో వండుకున్నవే. కాకపోతే గట్క పేదింటి తిండి అనిపించుకుంది, బడి ఉప్మా మాత్రం అబ్బురమైంది. ఇంట్లో చల్లారిన గట్కను మజ్జిగతో తాగిన పిల్లవాడికి ఆవాలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తాలింపుతో వేడివేడిగా అదే మక్క ఎదురైతే పండుగే కదా. పైగా పక్కన నలభై మంది దోస్తులు.

ఆ రుచిని ఇంట్లో తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. సన్నటి మక్కరవ్వ మూడు పాళ్లు, సోయాపిండి ఒక పాలు తీసుకోవాలి. సోయాపిండిని విడిగా, సన్న సెగ మీద, పచ్చివాసన పోయేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే వంటంతా చేదెక్కుతుంది. మక్కరవ్వను దోరగా వేయించి రెండూ కలపాలి. తాలింపు వేసి, ఒక గ్లాసు మిశ్రమానికి మూడున్నర గ్లాసుల నీళ్లు మరిగించి, ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలుపుతూ, మూతపెట్టి మగ్గనివ్వాలి. దించేముందు రెండు చెంచాల పాలపొడి. నెయ్యి వేస్తే ఇంటి ఉప్మా అవుతుంది, సోయానూనె వేస్తేనే బడి ఉప్మా అవుతుంది. తీపి కావాలంటే తాలింపు మానేసి, ఇదే పిండిని జావకన్నా చిక్కగా కాచి, బెల్లం కలిపితే చాలు. మనవళ్లు ఉప్మా కన్నా దీన్నే ముందు ఖాళీ చేస్తారు.

బడి తిండి మీద ఈ మమకారం మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో 1944 విద్యాచట్టం బడి భోజనాన్ని స్థానిక ప్రభుత్వాల బాధ్యతగా చేసింది. ఆ తరం వాళ్లు ఇప్పటికీ పాలలో ఉడికించిన రవ్వ మీద చెంచాడు జామ్ వేసుకున్న తీపిని, వెచ్చటి కస్టర్డ్ పోసిన కేకును ఇళ్లలో చేసుకుంటారు. ఆ రవ్వ పుడ్డింగ్‌ను కోరుట్లలో ఎవరి ముందు పెట్టినా రవ్వపాశం అనే అంటారు. యుద్ధం తర్వాత జపాన్ బడుల్లోనూ అమెరికా పాలపొడే పోశారు. నూనెలో వేయించి చక్కెర అద్దిన బడి రొట్టె అక్కడి పెద్దలకు ఈ రోజుకీ ఇష్టం.

తర్వాతి తరం జ్ఞాపకం వేరు. 1995 ఆగస్టు 15న కేంద్ర మధ్యాహ్న భోజన పథకం మొదలైనప్పుడు ఇక్కడ వండిపెట్టలేదు. హాజరు సరిగ్గా ఉన్న పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు. సంచి పట్టుకుని వరుసలో నిలబడడమే ఆ తరానికి గుర్తు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలోని బడుల్లో పొయ్యిలు వెలిగాయి. మగ్గాల చప్పుడు మధ్య, బీడీల చాట ముందు పొద్దంతా కూర్చునే తల్లులున్న సిరిసిల్ల, కోరుట్ల లాంటి ఊళ్లలో మధ్యాహ్నం పిల్లలకు వేడి అన్నం దొరకడం చిన్న సంగతి కాదు.

2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం వండుతున్నారు. సన్నాల పేరు ఎత్తితే పొలాస గుర్తుకు రావాలి. జగిత్యాల పక్కన ఆ ఊళ్లోని వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచే జగిత్యాల సన్నాలు వచ్చాయి. మక్క సంగతికొస్తే, అది బడి గుండిగలోంచి మాయమైనట్టు కనిపించినా పూర్తిగా పోలేదు. దేశంలో పండే మక్కల్లో పెద్ద భాగం కోళ్ల దాణాకు పోతుంది. కోడి దాన్ని గుడ్డుగా మార్చి మళ్లీ పిల్లల పళ్లెంలోకి పంపుతోంది.

ఇప్పటి చిన్నపిల్లలు పెద్దయ్యాక తలుచుకునేది బహుశా బాలామృతం కావచ్చు. హైదరాబాద్ నాచారంలోని తెలంగాణ ఫుడ్స్‌లో తయారై, అంగన్‌వాడీల ద్వారా ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అందే పొడి ఇది. నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్, అంటే రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఇందులో ఉంటాయి. కేర్ పిండికి ఇది దగ్గరి చుట్టమే. అమ్మమ్మలు దీన్ని సన్న సెగ మీద రెండు నిమిషాలు వెచ్చబెట్టి, కరిగిన నెయ్యి పోసి లడ్డూలు చుడతారు. చక్కెర అందులోనే ఉంది కాబట్టి మళ్లీ వేయనక్కర్లేదు. ఇంటిల్లిపాదీ తలా ఒకటి తినేస్తే మాత్రం నెలాఖరుకు పసివాడి వాటా తగ్గుతుంది. పెద్దల కోసం అదే పాళ్లలో గోధుమలు, శనగపప్పు వేయించి గిర్ని పట్టించుకోవడం మేలు.

ఇంత చేసినా బడి రుచి పూర్తిగా రాలేదని చాలామంది అంటారు. అందులో నిజముంది. వంద మందికి వండే పప్పుచారు నలుగురికి వండితే వేరే చారవుతుంది. పెద్ద గుండిగ అడుగున పట్టిన మాడు, కట్టెల పొగ, గంటె తిరిగినకొద్దీ మెదిగిన పప్పు ఇంటి కుక్కర్‌లో దొరకవు. ఆ కొలత తెలిసింది వంటమనిషికే. తొలి రోజుల్లో బడి ఆయమ్మకు, ఇప్పుడు మహిళా సంఘాల ఆడవాళ్లకు. వంట కార్మికులకు 2009లో కేంద్రం నెలకు ఖరారు చేసిన గౌరవ వేతనం 1000 రూపాయలు. ఆ మొత్తం ఎంత తక్కువో కూరగాయల అంగడికి వెళ్లిన ఎవరికైనా తెలుసు. సమ్మేళనాల్లో సార్లకు శాలువాలు కప్పుతున్నారు. ఉప్మా కలిపిన ఆయమ్మ ఊళ్లోనే ఉంటే, ఆమెనూ ముందు వరుసలోకి పిలిచి కూర్చోబెట్టాలి. మక్కరవ్వకు నీళ్లు ఎన్ని పోసేదో ఆమెనే అడగొచ్చు.